అసలు మిగులు

రోజు 68

అలివేణమ్మ ఇవాళ తలంటు పోసుకుని వచ్చింది.

నడిపాయలో మా రెండు పడవలూ ఆనించి కాయితాలు మార్చుకుంటుంటే గాలి అటునుంచి వీచింది. కుంకుడురసం వాసన. జుట్టు ఇంకా ఆరలేదు, చివర చిన్న ముడి వేసుకుంది. అందులోంచి చుక్కలు జారి జాకెట్టు వీపు తడుస్తోంది. మంచినీళ్ళు. అవి అలా ఊరికే కారిపోతుంటే చూడలేక తెడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

"ఏంటక్కా, ఒంట్లో బాగోలేదా?" అంది.

"బాగానే ఉంది. ఎండ" అన్నాను.

సోమవారం ఇవాళ. పండగ లేదు, పబ్బం లేదు. సోమవారం నాడు ఊరికే పోసుకుంది.

ఇక్కడ రాసేది ఎవరూ చదవరు. సాక్షిగా ప్రమాణం చేసినవాళ్ళకి రెండు పుస్తకాలు ఇస్తారు. ఒకటి సర్కారుది, అందులో అంకెలే ఉండాలి. రెండోది మనసుది, నిండాక పాయలో కలిపేయాలి. మనసులోది ఒకచోట కక్కేస్తే అంకెల్లో పడదని ఆ పద్ధతి పెట్టారు. కాయితం బరువు మాత్రం మా దేశం చేసిన నీటి నష్టంలో రాస్తారు. అది తూచేది కూడా అవతలి ఒడ్డు సాక్షి అలివేణమ్మే.

నాకు అసూయగా ఉంది. రాసేశాను.

రోజు 72

శుక్రవారం. తడిగుడ్డతో తల తుడుచుకుని అమ్మవారి ముందు కూర్చున్నాను. పద్నాలుగేళ్ళుగా ఇంతే. పాయలో ఉప్పునీళ్ళు ముంచుకోవచ్చు గానీ ఆ నీళ్ళతో తలంటితే జుట్టు కొబ్బరిపీచులా అయిపోతుంది. నాది అయిపోయింది. మంచినీళ్ళ పడవ వారానికి నాలుగుసార్లు వస్తుంది, ఇంటికి రెండు బిందెలు. తాగడానికీ వండడానికీ సరి.

మంచినీళ్ళ గొట్టం వస్తే శుక్రవారం శుక్రవారం తలంటు పోసుకుంటాను. అమ్మవారితో ఆ మాటే చెప్పాను. బంగారం అడగలేదు, ఇల్లు అడగలేదు.

గొట్టం రావాలంటే మా మెరకనాడు అసలు మిగులు వరసగా మూడు కార్లు నూటికి మూడు దాటి ఉండాలి. కారంటే నూటఇరవై రోజులు. రెండు కార్లు దాటాం, మూడుంబావు, మూడుంబావు. ఇది మూడోది. నూటఇరవయ్యో రోజున రేవులో మిగులు అంకెతో పలక వెలుగుతుంది. పాయకి అవతల లంకనాడు పలకా అప్పుడే వెలుగుతుంది. ఇక్కడినుంచి స్పష్టంగా కనిపించేలా కట్టుకున్నారు. వాళ్ళది ఎప్పుడూ పదకొండు.

రోజు 75

మా ఆయన కామేశం కంకర పడవ మీద పని చేస్తాడు. ఇవాళ పొద్దున్న అన్నం మూట కడుతుంటే అడిగాను, వాళ్ళకి పదకొండు ఎలా వస్తుందని.

"ఎలా వస్తుందేంటే, నేనే మోస్తున్నాను కదా" అన్నాడు.

"వేళాకోళం వద్దు."

"వేళాకోళం కాదు. మన కొండ తవ్వి కంకర వాళ్ళకి అమ్ముతున్నాం. దేశం నూరు సంపాదిస్తే తినగా కట్టగా ఇరవై మిగిలిందనుకో. అందులోంచి నరికిన చెట్టు, తవ్విన మన్ను, చెడిన నీళ్ళు, పట్టిన పొగ అన్నీ తీసేస్తారు. కొండ తరిగిన నష్టం మన ఖాతాలో. ఆ కంకర పోసి వాళ్ళు లంకలు ఎత్తు చేసుకున్నారు, అది వాళ్ళ ఆస్తి. మీ అలివేణమ్మ ఎవరి కొండ మీద నిలబడి తలారబెట్టుకుంటోందో ఈసారి అడుగు."

"మనకి డబ్బు ఇచ్చారుగా."

"ఇచ్చారు. దాంతో వాళ్ళ బియ్యం కొనుక్కుతిన్నాం" అని మూట తీసుకుని వెళ్ళిపోయాడు.

రోజంతా అదే ఆలోచన.

రోజు 77

పొద్దున్నే మసి పెట్టె తెరిచాను. పెరటి గోడకి పాయ వైపు బిగించిన చెక్క పెట్టె, రెండు వైపులా గాలికి సందులున్న రెక్కలు. లోపల తెల్లటి ఉన్ని బిళ్ళ. రోజూ దాన్ని తీసి రంగుల పట్టీ పక్కన పెట్టాలి. ఒకటి తెలుపు, పన్నెండు నలుపు. ఇవాళ ఏడు.

వాళ్ళు మా మీదకి పంపే పొగ నేను కొలుస్తాను. మేం వాళ్ళ నీళ్ళలోకి పంపే బురద అలివేణమ్మ కొలుస్తుంది. ఎవరి తప్పు వాళ్ళు కొలుచుకోకూడదు. మా చిన్నప్పుడు యంత్రాలు కొలిచేవి. రెండు దేశాలూ తమ తమ యంత్రాలకి అబద్ధాలు నేర్పాయని బయటపడ్డాక ఆ పని మనుషుల మీద పడింది. పదో తరగతి చదివి, ఊళ్ళో పదిమంది అబద్ధం ఆడదని చెప్పిన మనిషి కావాలన్నారు. మా వీధి నా పేరు చెప్పింది.

వాళ్ళ మసికి పరిహారం వాళ్ళ లెక్కలోంచి తీసి మా లెక్కలో కలుపుతారు. కారుకి నూటికి అర్ధరూపాయి దాకా వస్తుంది. ఆ అర్ధరూపాయే మమ్మల్ని మూడు దాటిస్తోంది.

సాయంత్రం దీపం పెట్టాక ఎప్పటిలాగే పెట్టెకి కూడా ధూపం వేశాను. మా పుట్టింట్లో కాటాకీ కుంచానికీ కూడా వేసేవారు. కొలిచేదానికి దేవుడి తోడు ఉండాలి కదా. పెట్టె రెక్కలు తీసి సాంబ్రాణి మూడుసార్లు తిప్పి, "తల్లీ, ఇది అబద్ధం చెప్పకుండా చూడు" అనుకుంటాను. మూడేళ్ళలో ఒక్కరోజు మానలేదు.

రోజు 82

సాంబ్రాణి అయిపోయింది. కొండ వైపు నుంచి వచ్చే సరుకుల పడవ లాకుల దగ్గర ఆగిపోయిందట, వారం పైన పడుతుందన్నారు. పెట్టెకి ఉత్తచేతులతో దణ్ణం పెట్టాను. వెలితిగా ఉంది.

రోజు 85

బిళ్ళ రెండు. నిన్నా రెండే. మొన్న ఒకటి.

మూడేళ్ళలో ఇంత తెల్ల బిళ్ళ చూడలేదు. వాళ్ళ పొగ కూడా ఆగిపోయింది. ఏం పుణ్యం చేసుకున్నారో, వాళ్ళ పొయ్యిల్లోంచి కూడా తెల్లగాలే వస్తుంది. ఇలాగే ఉంటే మాకు అర్ధరూపాయి పోతుంది, వాళ్ళకి అర్ధరూపాయి కలుస్తుంది. ఉన్నవాళ్ళకే ఇంకా కలవడం.

అమ్మవారి ముందు ఇవాళ ఏం కోరుకున్నానో తెలుసా. వాళ్ళ పొగ మళ్ళీ రావాలని.

రోజు 88

నడిపాయ. కాయితాలు ఇస్తూ అడిగాను. "ఏం అలివేణమ్మా, మీ ఇటుక బట్టీలు ఆపేశారా? బిళ్ళలు పాలలా ఉన్నాయి."

"ఏ బట్టీలక్కా?"

"మీ రేవు పక్కవే."

"అవి ఆపి రెండేళ్ళు దాటలా? ఇప్పుడన్నీ అద్దాల బట్టీలు. ఎండతోనే కాలుస్తారు. మా తమ్ముడికి బొగ్గు మోసే పని పోయింది కూడా. ఇప్పుడు అద్దాలు తుడుస్తున్నాడు, ఏసుప్రభువులా మెరిసిపోతున్నాడు వెధవ."

నవ్వాను గానీ నమ్మలేదు. రెండేళ్ళుగా రోజూ ఆరూ ఏడూ నా చేత్తో రాసినదాన్ని. ఎవరి పొగ వాళ్ళు ఒప్పుకుంటారా?

ఆమె కాయితాలు ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. "ఈసారి వాసన లేదేం?" అంది. నాకు అర్థం కాలేదు. చూపు మందగించిందేమో అనుకున్నాను. మనసులో కొంచెం సంతోషం కూడా కలిగింది.

రోజు 91

సరుకుల పడవ వచ్చింది. అరకిలో సాంబ్రాణి కొన్నాను. సాయంత్రం తొమ్మిది రోజుల బాకీ తీరేలా పెట్టెకి గట్టిగా వేశాను.

రోజు 92

బిళ్ళ తొమ్మిది.

రోజు 93

నిన్న సాయంత్రం ధూపం వెయ్యలేదు. ఇవాళ బిళ్ళ ఒకటి.

పెరట్లో గట్టు మీద కూర్చుండిపోయాను. కామేశం వచ్చి అన్నం పెట్టమనేదాకా లేవలేదు.

పెట్టెకి పది బారల లోపు పొయ్యి పెట్టకూడదు, చెత్త తగలెయ్యకూడదు, చుట్ట కాల్చకూడదని ప్రమాణం రోజున చదివి వినిపించారు. మూడూ పాటించాను. కామేశం చుట్ట కాల్చడానికి వీధి చివరికి పోతాడు. ధూపం పొగ అని నాకు ఏనాడూ తట్టలేదు. దేవుడికి వేసేది పొగ ఎలా అవుతుంది? అబద్ధం చెప్పకూడదని నేను చేసిన పనే దానిచేత అబద్ధం చెప్పించింది.

రెండేళ్ళుగా నా పూజ ఖర్చు వాళ్ళు కడుతున్నారు.

రోజు 94

రేవులో పద్దుల ఆఫీసరు పానకాలు గారి దగ్గరికి వెళ్ళాను. సూటిగా చెప్పలేకపోయాను.

"ఎప్పుడైనా బిళ్ళకి ఇవతలి పొగ అంటితే ఏం చెయ్యాలండి?" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నా ముఖం వైపు చూడలేదు. "భ్రమరాంబ గారూ, బిళ్ళ ఏ రంగులో ఉందో రాయడం మీ పని. ఎందుకు ఉందో మీ పని కాదు."

"పొరపాటైతే?"

"పొరపాటైతే పత్రం ఒకటుంది. నింపితే రెండు కార్ల లెక్క కూడా తిరగదోడతారు. మన మిగులు రెండుముప్పావు అవుతుంది. ఇంకో పాతిక రోజులమ్మా. గొట్టం పడనివ్వండి. ఆ తరవాత ఏ దేవుడికి చెప్పుకోవాలో ఆ దేవుడికి చెప్పుకోండి."

రోజు 95

కొండ మాది. కంకర మాది. మా ఆయన నడుము విరిగేలా మోసింది వాళ్ళ కాళ్ళ కింద ఉంది. ఆ నష్టానికి ఎవరూ బిళ్ళ పెట్టలేదు. ఈ అర్ధరూపాయి ఆ కొండకి బదులుగా వచ్చిందనుకుంటే అన్యాయం ఏముంది?

సాయంత్రం పెట్టెకి ధూపం వేశాను. అలవాటు మీద వేశానని రాద్దామనుకున్నాను. అలవాటు కాదు. రెక్కలు తీసి, కళ్ళు తెరుచుకునే వేశాను. 'అబద్ధం చెప్పకుండా చూడు' అనే మాట మాత్రం నోట్లోంచి రాలేదు.

రోజు 97

నిన్నా వేశాను. ఇవాళా వేశాను. ఏడు, ఏడు. అమ్మవారి దీపం దగ్గర ఎక్కువసేపు కూర్చోలేకపోతున్నాను.

రోజు 98

నడిపాయ. అలివేణమ్మ కాయితాలు అందుకుని మళ్ళీ ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. ఆమె చూపు బాగానే ఉంది. వాసన చూస్తోంది.

"వచ్చిందా అక్కా సాంబ్రాణి?" అని నవ్వింది.

నా చేతిలో తెడ్డు జారి పడవ అంచుకి కొట్టుకుంది. "నీకు తెలుసా?" అన్నాను.

"ఏడాదిగా. బట్టీలు లేకుండా మసి ఎక్కడిదా అని ఆలోచించాను. కాయితాలు చూస్తే గుళ్ళోంచి వచ్చినట్టు ఉంటాయి."

"తెలిసీ సంతకం పెడుతున్నావా?"

"అర్ధరూపాయేగా. మాకు పదకొండైనా ఒకటే, పదకొండున్నరైనా ఒకటే. మీకైతే గొట్టం వస్తుంది. పాపం, నీ జుట్టు చూసినప్పుడల్లా..." అని ఆగిపోయింది.

ఆ తరవాత ఏం మాట్లాడామో గుర్తు లేదు. ఒడ్డుకి ఎలా వచ్చానో కూడా గుర్తు లేదు. కొంగు తల మీదకి లాక్కుని తెడ్డు వేశాను, అది ఒక్కటే గుర్తు.

రోజు 99

పత్రం తెచ్చుకుని నింపాను.

కామేశంతో, అమ్మవారితో, పానకాలు గారితో ఒకటే మాట చెప్పాను. పాపభయం అని. ఈ పుస్తకంలో మాత్రం నిజం రాస్తాను. ఆ 'పాపం' అనే మాట తట్టుకోలేకపోయాను. నీళ్ళు వాళ్ళకే, చెట్లు వాళ్ళకే, నల్లటి జుట్టు ఆమెకే. ఇప్పుడు జాలి కూడా వాళ్ళ దగ్గరే మిగిలింది. మాకు పంచిపెట్టేంత మిగిలింది. ఆమె వేసిన బిచ్చంతో వచ్చే గొట్టం కింద తల పెట్టి శుక్రవారం పూజ చెయ్యడం కంటే తడిగుడ్డే నయం.

పత్రంలో ఎనిమిది ప్రశ్నలు. ఎన్నాళ్ళుగా? మూడేళ్ళుగా. తెలిసి చేసినవి ఎన్ని? మూడు బిళ్ళలు, 95 నుంచి 97 దాకా. ఏడు ప్రశ్నలకి గబగబా రాసేశాను.

ఎనిమిదోది: ఎదుటి సాక్షికి ముందుగా తెలుసా?

తెలుసు అని రాస్తే అలివేణమ్మని తీసేస్తారు. ప్రమాణం తప్పిన సాక్షికి ఏడాది పాటు నీటి చీటీ సగం. అవతల కూడా అదే రూలు. ఆమె ఉప్పునీళ్ళతో తలంటుకోవడం, ఆ జుట్టు నెలకి నెల పీచుగా మారడం, పది రోజులకోసారి నడిపాయకి వేరే ఎవరో రావడం, అంతా కళ్ళముందు కనిపించింది. ఆ ఊహ ఎంత తియ్యగా ఉందో రాయకపోతే ఈ పుస్తకం దేనికి? కలం పట్టుకుని దాన్ని అలా చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. పొయ్యి మీద పప్పు అడుగంటింది.

చివరికి 'తెలియదు' అని రాశాను.

నాకు తెలిసి కాయితం మీద నేను రాసిన అబద్ధం అదొక్కటే.

రోజు 104

పత్రం సంగతి రేవులో అంటించారు. మంచినీళ్ళ పడవ దగ్గర నా ముందు నిలబడిన రత్తమ్మ బిందె పక్కకి జరిపి నాకు దారి ఇచ్చింది. "రండమ్మా, మీరు ముందు పట్టుకోండి. నిజం తాగితే చల్లగా ఉంటుంది కదా" అంది. వెనక ఇద్దరు నవ్వారు. ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది.

రత్తమ్మ కోడలికి నెలలు నిండాయి. రెండు బిందెలతో పురుడు ఎలా పోస్తారో నాకు తెలియదు. ఇంటికి వచ్చి కామేశంతో ఆ మాటే అన్నాను. అతను నా బిందె అందుకుని అందులో సగం ఖాళీ బిందెలోకి వంచాడు.

"రత్తమ్మకి ఇచ్చొస్తాను. నీ మీద కోపంతో పారబోస్తే మాత్రం నన్ను అనకు" అన్నాడు.

ఆమె పారబొయ్యలేదు. తీసుకుందట.

రోజు 108

పత్రం మీద ఎదుటి సాక్షి సంతకం కావాలి. నడిపాయలో అలివేణమ్మకి ఇచ్చాను. నిలబడే చదివింది. ఎనిమిదో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి కూర్చుంది.

"అక్కా, ఇక్కడ తెలియదని రాశావు."

"అవును."

"నువ్వు అబద్ధం ఆడవంటారే మీ ఊళ్ళో."

"ఆడను."

"మరి ఇది?"

"సంతకం పెట్టు. ఎండెక్కుతోంది."

పెట్టింది. కలం తిరిగి ఇస్తూ నా కళ్ళలోకి చూడలేదు, నా చేతి వైపు చూసింది. మూడేళ్ళుగా ఎదురెదురుగా కూర్చుంటున్నాం. ఆమె తల కిందికి ఉండటం ఇవాళే చూశాను. గాలి అటునుంచే వీస్తోంది. కుంకుడు వాసన వస్తూనే ఉంది గానీ ఇవాళ నేను తెడ్డు వైపు చూడలేదు.

రోజు 120

పలక వెలిగింది. మెరకనాడు, రెండుముప్పావు. అవతల లంకనాడు, పదకొండున్నర. రేవులో జనం కాసేపు నిలబడి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. గొట్టానికి మళ్ళీ మొదటినుంచి మూడు కార్లు. తెలిసి చేసిన మూడు బిళ్ళలకి నాకు నెల రోజులు ఒకటే బిందె. సాక్షి పని మాత్రం తియ్యలేదు. ఒప్పుకున్నదాన్ని తీసేస్తే ఇకమీద ఎవరూ ఒప్పుకోరన్నారట పైవాళ్ళు.

రోజు 1

కొత్త కారు. శుక్రవారం. మసి పెట్టె రెక్కలు మూసే ఉంచి దూరం నుంచి దణ్ణం పెట్టాను. ధూపం ఇంట్లోనే, వీధి వైపు తలుపు తీసి. ఆ పొగ ఎక్కడికి పోయినా మా లెక్కే.

కాయితాలు మార్చుకునే రోజు కాకపోయినా పొద్దున్నే అలివేణమ్మ పడవ మా రేవుకి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె మా ఒడ్డు తొక్కడం ఇదే మొదటిసారి. ఇత్తడి బిందె నిండా మంచినీళ్ళు, మూత మీద గుడ్డలో కట్టిన కుంకుడుకాయలు. మోకాళ్ళ దాకా బురదలో దిగి, బిందె చంకన పెట్టుకుని గట్టెక్కి వచ్చింది.

"తలంటుకో అక్కా. శుక్రవారం కదా" అంది.

బిందెలో నీళ్ళు కదులుతున్నాయి. చల్లగా ఉంటాయి. తలకి ఎలా ఉంటాయో పద్నాలుగేళ్ళయినా మర్చిపోలేదు. చేతులు ముందుకి వెళ్ళబోయాయి. కొంగులో చుట్టుకున్నాను.

"నాకెందుకమ్మా ఇవి?"

"ఊరికే అక్కా. నా మనసు ఊరుకోవట్లేదు."

"ఊరుకుంటుందిలే" అన్నాను.

"నువ్వు తీసుకుంటే నాకు తేలిగ్గా ఉంటుంది."

అది నాకు తెలుసు. అందుకే తీసుకోలేదు. వీధి చివర నీలిరంగు తలుపు రత్తమ్మది, కోడలు పచ్చి బాలింత, ఇవ్వాలనుంటే అక్కడ ఇవ్వమన్నాను. ఆమె బిందె చంక మార్చుకుంది. తరవాత వీధి చివరికి నడిచింది. ఖాళీ బిందెతో తిరిగి వచ్చినా నడక తేలిక పడలేదు. కుంకుడుకాయల మూట ఇంకా చేతిలోనే ఉంది.

లోపలికి వచ్చి గుడ్డ తడిపి తల తుడుచుకున్నాను. ఆమె నాకిలా బాకీ పడి ఉండటం దైవం మెచ్చే మిగులు కాదు, తెలుసు. అయినా ఈ కారుకి నా దగ్గర ఉన్నది ఇదొక్కటే. దాన్ని ఒక బిందె నీళ్ళకి ఇచ్చుకోలేను.

పెరటి గట్టు మీదికి వచ్చి చూశాను. పడవ నడిపాయ దాటేదాకా అలివేణమ్మ మూడుసార్లు వెనక్కి తిరిగి చూసింది. నేను లెక్కపెట్టాను.